వేపుడు, కాలేయం, ఎయిర్ ఫ్రైయర్: పరిటాల మెట్ట ప్రాంత వంటిళ్లకు ఏది మేలు?

కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంగా చిరకాలం పేరుపడి, 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్టీఆర్ జిల్లాలో భాగమైన నందిగామ, జగ్గయ్యపేట, కంచికచర్ల మండలాలలో పత్తి, మిరప, మినుము, కంది, మొక్కజొన్న ముఖ్యమైన పంటలు. కంచికచర్ల మండలంలోని పరిటాల, విజయవాడ నుండి హైదరాబాదు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న గ్రామం. ఒకప్పుడు వజ్రపు గనులకు, నేడు ఎత్తైన ఆంజనేయస్వామి విగ్రహానికి పేరుగన్న ఈ ఊరిని ఆహారపు అలవాట్ల దృష్టితో చూస్తే రెండు వంటశాలలు కనిపిస్తాయి. ఒకటి, పొలం పనికి పోయేవారికి ఉదయమే క్యారేజీ కట్టే ఇంటి వంటగది. రెండవది, సాయంత్రమయ్యేసరికి బజ్జీల మూకుడు కాగే రోడ్డు పక్క బండి. ఈ రెండింటిలోనూ నూనె వాడకం పెరిగింది.

అన్నం, పప్పు, పచ్చడి, చారు, మజ్జిగలతో పాటు ఒక వేపుడు ఉంటేనే భోజనం నిండుగా ఉన్నట్లు భావించే ప్రాంతమిది. కాలేయంలో కొవ్వు చేరినట్లు స్కానింగులో తేలినప్పుడు ఏ కుటుంబానికైనా మొదట కలిగే సందేహం ‘ఇక వేపుడు మానవలసిందేనా?’ అన్నది. దానికి బజారు చూపుతున్న సమాధానం ఎయిర్ ఫ్రైయర్. కొన్ని వేల రూపాయల ఖరీదుచేసే ఈ యంత్రాన్ని కొనవచ్చునా అని రైతు మహిళ అడిగితే, విస్తరణ శాస్త్రవేత్త ఇచ్చే సలహా ఆచితూచి ఉండాలి. అనవసరంగా కొనిపిస్తే సొమ్ము వృథా. యంత్రం ఉంది గదా అన్న ధీమాతో అసలు జాగ్రత్తలు విడిచిపెడితే అంతకంటె పెద్ద నష్టం.

సమస్య ఎంత విస్తృతం?

మద్యం తాగేవారికే కాలేయం చెడుతుందన్న అభిప్రాయం గ్రామాలలో బలంగా ఉంది. మద్యం ముట్టని స్త్రీపురుషులలోనూ, పిల్లలలోనూ కాలేయంలో కొవ్వు పేరుకొంటుందన్న సంగతి అంతగా ప్రచారం పొందలేదు. భారతదేశంలో జరిగిన అధ్యయనాలను క్రోడీకరించి ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు 2022లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం పెద్దలలో 38.6 శాతం, పిల్లలలో 35.4 శాతం మందిలో ఈ స్థితి ఉంది. హైదరాబాదు విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు అధికంగా ఉన్నట్లు తేలింది.

ఇది కూర్చుని పనిచేసే నగరవాసుల వ్యాధి మాత్రమేనని గ్రామీణులు నిశ్చింతగా ఉండటానికి వీలులేదు. దుక్కి నుండి నూర్పిడి వరకు యంత్రాలు వచ్చాక పొలంలో శరీరశ్రమ తగ్గింది, పళ్లెంలో అన్నం మాత్రం తగ్గలేదు. కేంద్ర ప్రభుత్వం 2021లో ఈ వ్యాధిని మధుమేహం, రక్తపోటు, క్యాన్సర్ వంటి అసాంక్రామిక వ్యాధుల జాతీయ నివారణ కార్యక్రమంలో చేర్చింది. మద్యంతో సంబంధం లేని కొవ్వు కాలేయ వ్యాధి అన్న పాత పేరుకు బదులు, జీవక్రియా లోపంతో ముడిపడిన కొవ్వు కాలేయ వ్యాధి అన్న పేరును 2023లో అంతర్జాతీయ వైద్య సంఘాలు ఆమోదించాయి. వ్యాధి మూలం ఎక్కడుందో కొత్త పేరు స్పష్టంగా చెబుతున్నది.

కాలేయానికి కొవ్వు ఎక్కడినుండి వస్తుంది?

నూనె తింటే అది నేరుగా పోయి కాలేయంలో చేరుతుందన్నది సామాన్యుల ఊహ. వాస్తవం ఇంతకంటె క్లిష్టమైనది. ఈ వ్యాధి ఉన్న రోగుల కాలేయంలోని కొవ్వు మూలాలను గుర్తించడానికి అమెరికా పరిశోధకులు జరిపి 2005లో ప్రచురించిన ప్రయోగంలో, ఆ కొవ్వులో సుమారు 59 శాతం శరీరంలో అప్పటికే నిలవ ఉన్న కొవ్వు కరిగి రక్తం ద్వారా చేరినదనీ, 26 శాతం పిండిపదార్థాలు, చక్కెరల నుండి కాలేయం స్వయంగా తయారుచేసుకొన్నదనీ, 15 శాతం మాత్రమే తిన్న ఆహారంలోని కొవ్వు నుండి వచ్చినదనీ తేలింది.

ఎయిర్ ఫ్రైయర్ గురించిన చర్చకు ఈ మూడు అంకెలే పునాది. యంత్రం నేరుగా తగ్గించగలిగింది మూడవ భాగాన్ని మాత్రమే. మొదటి భాగం తగ్గాలంటే శరీర బరువు, ముఖ్యంగా నడుము చుట్టుకొలత తగ్గాలి. రెండవ భాగం తగ్గాలంటే తెల్లబియ్యపు అన్నం, పంచదార, శీతల పానీయాలు తగ్గాలి. అయితే ఒక గ్రాము నూనె 9 కిలోక్యాలరీల శక్తినిస్తుంది గనుక, నూనె తగ్గితే మొత్తం శక్తి తగ్గి, క్రమంగా బరువు తగ్గడానికి తోడ్పడుతుంది. యంత్రం వలన కాలేయానికి కలిగే మేలు ప్రధానంగా ఈ దారిలో వచ్చేదే.

బరువు తగ్గడం ఎంత ముఖ్యమో క్యూబాలో 293 మంది రోగులపై 52 వారాలపాటు జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనం చూపింది. శరీర బరువులో 10 శాతం లేదా అంతకు మించి తగ్గినవారిలో 90 శాతం మందికి కాలేయపు వాపు లక్షణాలు తొలగిపోగా, 45 శాతం మందిలో కాలేయం గట్టిపడటం వెనుకంజ వేసింది. 70 కిలోల మనిషికి ఇది 7 కిలోలు. తొలిదశలో ఉన్న కాలేయం తిరిగి కోలుకోగలదన్నది రైతు కుటుంబాలకు అందవలసిన మొదటి శుభవార్త.

మూకుడులో జరిగేది

కాగిన నూనెలో కూరగాయ ముక్క వేయగానే దానిలోని నీరు ఆవిరై బుడగలుగా బయటికి వస్తుంది. ఆవిరి బయటికి తోస్తున్నంతసేపు నూనె లోపలికి ఎక్కువగా చొరబడదు. ముక్కను మూకుడు నుండి తీసిన తరువాత, లోపలి ఆవిరి చల్లబడి ఏర్పడిన ఖాళీలోకి పైనున్న నూనె పీల్చుకొనిపోతుంది. అందువలన చిల్లుల గరిటెతో తీసిన వెంటనే నూనెను బాగా వార్చడం వలన కొంత ప్రయోజనం ఉంటుంది.

పరిమాణం కంటె ప్రమాదకరమైన సమస్య, కాచిన నూనెనే మళ్లీ మళ్లీ కాచడం. గాలి, తేమ, వేడి కలిసినప్పుడు నూనె అణువులు విడిపోయి, తిరిగి అతుక్కొని ధ్రువ సమ్మేళనాలుగా మారుతాయి. నూనె నల్లబడటం, జిగురుగా మారడం, తొందరగా పొగ రావడం, నురగ కట్టడం వీటి గుర్తులు. మొత్తం ధ్రువ సమ్మేళనాలు 25 శాతం మించిన నూనెను వంటకు వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిర్దేశించిన నియమం 2018 జూలై 1 నుండి అమలులో ఉంది. వాడిన నూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చే కార్యక్రమాన్ని కూడా అదే సంవత్సరం ఆ సంస్థ ప్రారంభించింది. కాలేయ సమస్య ఉన్నవారు ఇంట్లో ఎంత పొదుపుగా నూనె వాడినా, సాయంత్రం బండి దగ్గర నాలుగు పునుగులు తింటే ఆ పొదుపు ఫలం దక్కదు.

ఎయిర్ ఫ్రైయర్ పనితీరు

నెదర్లాండ్స్‌కు చెందిన ఫిలిప్స్ సంస్థ 2010లో బెర్లిన్ ప్రదర్శనలో ఈ యంత్రాన్ని విపణికి పరిచయం చేసింది. పేరులో వేపుడు ఉన్నా, ఇది నిజానికి ఒక చిన్న పొయ్యి. పైభాగంలో వేడినిచ్చే తీగ, దానిపై పంకా, కింద చిల్లుల బుట్ట ఉంటాయి. 160 నుండి 200 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడెక్కిన గాలి వేగంగా ముక్కల చుట్టూ తిరిగి, పైపొరలోని తేమను లాగివేస్తుంది. ఉపరితలం ఎండి, 140 డిగ్రీలు దాటిన తరువాత మాంసకృత్తులకు, చక్కెరలకు మధ్య మెయిలార్డ్ చర్య జరిగి ఎర్రదనం, కమ్మని వాసన వస్తాయి. వేపుడు రుచిలో అధిక భాగం ఈ చర్య ఫలితమే గనుక, పలుచగా పూసిన నూనెతోనే ఆ రుచిని చాలావరకు పొందవచ్చు.

ఇంటి వాడకపు యంత్రాలు సాధారణంగా 1400 నుండి 1500 వాట్ల విద్యుత్తు తీసుకొంటాయి. 1500 వాట్ల యంత్రం 15 నిమిషాలు ఆగకుండా పనిచేసినా ఖర్చు 0.375 యూనిట్లు మాత్రమే. అయితే అది 6.5 ఆంపియర్ల కరెంటు లాగుతుంది గనుక, ఫ్యాన్లకు, దీపాలకు వాడే 6 ఆంపియర్ల సాకెట్టులో పెట్టరాదు. ఎర్తింగు ఉన్న 16 ఆంపియర్ల సాకెట్టు తప్పనిసరి. పాత వైరింగు ఉన్న ఇళ్లలో ఈ జాగ్రత్తను యంత్రం కొనకముందే చెప్పాలి.

ఒక బెండకాయ వేపుడు లెక్క

నలుగురు సభ్యుల కుటుంబానికి బెండకాయ వేపుడు చేయడానికి మూడు పెద్ద చెంచాల నూనె వాడారనుకొందాం. అది సుమారు 42 గ్రాములు. అదే వేపుడును ఎయిర్ ఫ్రైయర్‌లో ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాముల నూనెతో చేస్తే 37 గ్రాములు ఆదా అవుతుంది. ఒక్కొక్కరికి దాదాపు 9 గ్రాముల నూనె, అంటే 83 కిలోక్యాలరీలు తగ్గినట్లు.

ఈ ఆదా చిన్నదేమీ కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో, రోజుకు 2000 కిలోక్యాలరీలు అవసరమైన వ్యక్తికి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు సూచించింది. నీతి ఆయోగ్ 2024 నివేదిక ప్రకారం దేశంలో తలసరి వంటనూనె వినియోగం సాలీనా 19.7 కిలోలు. రోజుకు లెక్కిస్తే ఇది 54 గ్రాములు, సూచించిన దానికి రెట్టింపు.

లెక్కకు రెండవ వైపు కూడా ఉంది. 83 కిలోక్యాలరీలు అంటే సుమారు 24 గ్రాముల బియ్యంలోని శక్తి. వేపుడు కరకరలాడుతూ బాగుందని మరొక గరిటెడు అన్నం వడ్డించుకొంటే ఆదా అయినదంతా అక్కడే చెల్లు. భోజనంతో పాటు ఒక శీతల పానీయపు సీసా తాగితే, 300 మిల్లీలీటర్లలో ఉండే సుమారు 30 గ్రాముల చక్కెర కాలేయానికి నేరుగా ముడిసరుకవుతుంది. కాబట్టి ‘ఎయిర్ ఫ్రైయర్‌లో వండినది ఎంతైనా తినవచ్చు’ అన్న మాటను విస్తరణ సిబ్బంది ఎక్కడ విన్నా సరిదిద్దాలి.

మన వంటకాలలో ఏవి నప్పుతాయి?

బెండ, దొండ, కాకర, అరటికాయ, కంద, చేమ వంటివి ఈ పద్ధతికి బాగా నప్పుతాయి. ముక్కలను కడిగి, తడి పూర్తిగా ఆరనిచ్చి, పావుకిలోకు ఒక చిన్న చెంచా నూనె పట్టించి, 180 డిగ్రీల వద్ద 12 నుండి 18 నిమిషాలు ఉంచాలి. మధ్యలో ఒకటి రెండుసార్లు బుట్టను కుదపాలి. కంద, చేమలను ముందుగా ఉడికించుకోవాలి. ఉప్పు, కారం, వెల్లుల్లి పొడి చివరలో చల్లితే మాడవు. మసాలా పట్టించిన చేప ముక్కలు 180 డిగ్రీల వద్ద 12 నుండి 15 నిమిషాలలో వేగుతాయి.

జారుగా ఉండే పిండితో చేసే బజ్జీలు, పునుగులు నప్పవు. పిండి గట్టిపడకముందే బుట్ట చిల్లుల గుండా కారిపోతుంది. అప్పడాలు, గుమ్మడి వడియాలు పలుచగా నూనె రాస్తే రెండు మూడు నిమిషాలలో వేగుతాయి గాని, తేలికైనవి గాలి వేగానికి లేచి వేడి తీగకు తగిలి మాడే అవకాశముంది. వాటిపై చిన్న జాలీ ఉంచాలి. చల్లమిరపకాయలను ఇందులో వేయిస్తే ఘాటు గది నిండా వ్యాపిస్తుంది గనుక గాలి బాగా ఆడేచోట వేయించాలి. పైగా వడియాలు, అప్పడాలు, చల్లమిరపకాయలలో ఉప్పు అధికం. నూనె తగ్గినంత మాత్రాన ఉప్పు తగ్గదని రక్తపోటు ఉన్నవారికి గుర్తుచేయాలి.

బంగాళాదుంప విషయంలో మరొక జాగ్రత్త అవసరం. పిండిపదార్థం గల ఆహారం 120 డిగ్రీలు దాటి పొడిగా వేగినప్పుడు ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం, చక్కెరలు కలిసి అక్రిలమైడ్ ఏర్పడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఇది మానవులలో క్యాన్సర్ కలిగించే అవకాశమున్న పదార్థాల జాబితాలో ఉంది. నూనె లేకపోయినా వేడి, పొడిదనం ఉంటే ఇది ఏర్పడుతుంది గనుక, ఎయిర్ ఫ్రైయర్ దీనికి మినహాయింపు కాదు. దుంపలను ఫ్రిజ్‌లో నిలవ చేయకుండా, ముక్కలను అరగంట నీటిలో నానబెట్టి, ఆరబెట్టి, లేత బంగారు రంగు రాగానే తీసివేయాలి. ముదురు గోధుమ రంగు వచ్చేవరకు ఉంచరాదు.

యంత్రం తొలగించలేని విషం

కాలేయ ఆరోగ్యాన్ని వంటింటికే పరిమితం చేసి చూడటం వ్యవసాయ శాస్త్రజ్ఞులకు తగదు. మెట్ట ప్రాంతపు మూడు పంటలు, మిరప, మొక్కజొన్న, వేరుశనగ, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజుకు సులభంగా లోనవుతాయి. ఈ బూజు ఉత్పత్తిచేసే అఫ్లాటాక్సిన్ కాలేయ క్యాన్సర్‌కు నిర్ధారితమైన కారకం. హెపటైటిస్ బి ఉన్నవారిలో ముప్పు మరింత అధికం. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాలలో బూజుపట్టిన మొక్కజొన్న తిని 397 మంది కాలేయ వ్యాధికి గురికాగా 106 మంది మరణించారు. ఆ దుర్ఘటనను పరిశోధించి కారణాన్ని వెలికితీసినవారు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే.

అఫ్లాటాక్సిన్ వేడిని బాగా తట్టుకొంటుంది. దాని విచ్ఛిన్నానికి 230 డిగ్రీలకు పైబడిన వేడి కావాలి. ఎయిర్ ఫ్రైయర్ వేడి 200 డిగ్రీలు. కాబట్టి ఆరోగ్యం కోసమని నూనె లేకుండా వేయించిన వేరుశనగలలో బూజుపట్టిన గింజలు నాలుగు ఉన్నా, ఆ విషం చాలావరకు అలాగే కడుపులోకి చేరుతుంది. దీనికి మందు పొలంలోను, కళ్లంలోను ఉంది. మిరపకాయలను నేలమీద గాక టార్పాలిన్ పట్టాలపై గాని, సిమెంటు కళ్లంపై గాని ఆరబెట్టి, రాత్రిపూట మంచు తగలకుండా కప్పాలి. తేమ 10 శాతానికి దిగిన తరువాతనే బస్తాలకెత్తాలి. బరువు కోసం, నిగనిగ కోసం కాయలపై నీళ్లు చల్లే పద్ధతిని పూర్తిగా మానుకోవాలి. వేరుశనగలో తేమ 8 శాతానికి, మొక్కజొన్నలో 12 శాతానికి తగ్గాలి. ముడుచుకొన్న, రంగు మారిన, బూజుపట్టిన గింజలను ఏరివేయాలి. అమ్మకానికి పనికిరాదని పక్కన పెట్టిన సరుకును ఇంటి వాడకానికి ఉంచుకొనే అలవాటు కాలేయానికి అన్నిటికంటె చేటు.

యంత్రం లేని ఇంటికి దారి

ఎయిర్ ఫ్రైయర్ కొనలేని కుటుంబం నిరుత్సాహపడవలసిన పనిలేదు. తక్కువ నూనెతో వండే పద్ధతులు తెలుగు వంటింటికి కొత్త కావు. నిప్పులపై కాల్చిన అప్పడం, కాల్చిన వంకాయ పచ్చడి, కాల్చిన మొక్కజొన్న పొత్తు మనకు తెలిసినవే. మినపప్పు రుబ్బి నూనెలో వేస్తే గారె, అదే పిండిని ఆవిరిపై ఉడికిస్తే ఆవిరి కుడుము. మినుము పండించే ఈ ప్రాంతంలో ఆవిరి కుడుమును తిరిగి వారానికొకసారి వంటకంగా తీసుకురావడానికి ఖర్చేమీ లేదు. వేపుడు తప్పనిసరి అనుకొన్న రోజున ముక్కలను మూతపెట్టి సొంత తేమతోనే మగ్గబెట్టి, చివరి అయిదు నిమిషాలు మాత్రం రెండు చిన్న చెంచాల నూనెతో ఎర్రగా వేయిస్తే చాలు. సీసా నుండి నేరుగా వంచక, నెలకు సరిపడే నూనెను ముందే కొలిచి పక్కన పెట్టుకోవాలి. రోజుకు 27 గ్రాముల లెక్కన నలుగురు పెద్దలున్న కుటుంబానికి 30 రోజులకు సుమారు 3.2 కిలోలు.

విస్తరణ సిబ్బందికి సూచనలు

జగ్గయ్యపేట మండలం గరికపాడులో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయపు కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. ఇటువంటి కేంద్రాల గృహవిజ్ఞాన విభాగాలు స్వయం సహాయక సంఘాల సమావేశాలలో ఒకే కూరను మూడు విధాలుగా, అంటే మూకుడులో, మగ్గబెట్టి, ఎయిర్ ఫ్రైయర్‌లో వండి, వాడిన నూనెను అక్కడే తూచి చూపితే ఉపన్యాసం కంటె ఎక్కువ ఫలితం ఉంటుంది. విద్యార్థులు గ్రామీణ అనుభవ కార్యక్రమంలో ప్రతి ఇంటి నెలసరి నూనె వాడకాన్ని, కుటుంబ సభ్యుల సంఖ్యను నమోదుచేస్తే, గ్రామానికి తగిన సలహా తయారుచేయవచ్చు. నడుము చుట్టుకొలత పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటినవారిని, మధుమేహం ఉన్నవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి. కామెర్లు, పొట్ట ఉబ్బరం, కాళ్ల వాపు ఉన్నవారికి ఆహార సలహాతో సరిపెట్టక వైద్యుని వద్దకు వెంటనే వెళ్లమని చెప్పాలి. మద్యం మానడం ఏ దశలోనైనా తప్పనిసరి.

యంత్రాన్ని కొనదలచిన కుటుంబానికి అడగవలసిన ప్రశ్నలు మూడు. ప్రస్తుతం నెలకు ఎంత నూనె వాడుతున్నారు? వారానికి ఎన్నిసార్లు వేపుళ్లు చేస్తున్నారు? బండ్ల దగ్గర ఎన్నిసార్లు తింటున్నారు? రోజూ వేపుడు తప్పనిసరి అయిన ఇంట్లో ఎయిర్ ఫ్రైయర్ నిస్సందేహంగా ఉపయోగకరమైన పనిముట్టు. వారానికొకసారి మాత్రమే వేయించుకొనే ఇంట్లో ఆ డబ్బును పప్పులకు, ఆకుకూరలకు, పండ్లకు వెచ్చించడం కాలేయానికి ఎక్కువ మేలు. ఏ ఇంట్లోనైనా ముందుగా చేయవలసినవి కొలిచి వాడే నూనె, తగ్గించిన అన్నం, రోజూ అరగంట చురుకైన నడక, బూజులేని గింజ. ఈ నాలుగూ అలవడిన తరువాత యంత్రం వస్తే అదనపు లాభం, రాకపోయినా లోటు లేదు.